చచ్చినంక 5 లక్షలు, బతికుండగా ఒక ఈసీజీ లేదా?

రైతు బీమా 2018 ఆగస్టు నుంచి నడుస్తున్నది. 59 ఏళ్లలోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. ఆ పథకాన్ని తప్పుపట్టడం లేదు, దానివల్ల నిలబడ్డ కుటుంబాలు ఉన్నాయి. కాని ఆ చావుల్లో ఆపగలిగినవి ఎన్ని అని ఎవరూ అడగరు. గుండెపోటు సంగతే చూద్దాం.

మన ఊళ్లలో గుండెపోటుకు మొదటి పేరు గ్యాసు. పత్తికి మందు కొడుతున్న మనిషికి ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి గుంజుతుంటే సోడా తాగిస్తారు. ఎండాకాలమైతే వడదెబ్బ అంటారు. ఓపెన్‌కాస్టుల పక్క ఊళ్లలో ఆయాసమంతా బొగ్గు దుమ్ము ఖాతాలోకే పోతుంది. ఆ తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. షుగరు ఉన్నవాళ్లకు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. ఇవన్నీ అయ్యి గోదావరిఖని చేరేసరికి పూట గడుస్తుంది. అక్కడి నుంచి కరీంనగర్ పోవాల్సి వస్తే ఇంకో 60 కిలోమీటర్లు.

గుండెకు రక్తం పారే నాళంలో గడ్డ అడ్డం పడటమే గుండెపోటు. కాలువకు అడ్డం పడితే చివరి మడి ఎండినట్టు, ఆ నాళం కింది కండరం చస్తూ పోతుంది. పూర్తిగా ఎండిన మడికి తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పచ్చబడదు. గడ్డను కరిగించే మందులు ఉన్నాయి. టెనెక్టిప్లేజ్ అయితే ఒక్క ఇంజక్షనే. మొదటి రెండు మూడు గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే దాదాపు లాభం లేదు. అయితే దాన్ని గుడ్డిగా ఇవ్వకూడదు. గుండెపోటు కానివాళ్లకు, అంతకుముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు అదే ప్రాణం తీస్తుంది. అందుకే ముందు 12 లీడ్ల ఈసీజీ తీయాలి, దాన్ని డాక్టరు చూడాలి. ఒక్కోసారి మొదటి ఈసీజీలో ఏమీ కనపడదు, నొప్పి తగ్గకుంటే మళ్లీ తీయాలి. ఈ పనికి పెద్ద దవాఖాన అక్కర లేదు. నర్సు తీసి ఫోన్‌లో పంపితే గుండె డాక్టరు ఎక్కడున్నా చదువుతాడు.

ఇది కొత్త ముచ్చటేం కాదు. బెల్‌ఫాస్ట్‌లో పాంట్రిడ్జ్ అనే డాక్టరు 1966లోనే గుండె వైద్యాన్ని అంబులెన్సులోకి ఎక్కించాడు. తమిళనాడు 2023 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మొదటి మోతాదు ఇచ్చి పెద్దాస్పత్రికి పంపుతున్నది. మనకు 108 వచ్చింది 2005 ఆగస్టు 15న. ఇరవై ఏళ్లయ్యింది. బండి ఊరికి వస్తున్నది, సంతోషమే. ఆ బండిలోనే రోగం తేల్చే ఏర్పాటు ప్రతి దానికీ ఉండాలి.

డబ్బు లేదంటారా? మన భూములు తవ్విన బొగ్గు మీద జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టుకు సొమ్ము జమవుతున్నది. 2015లో చట్టం మార్చి పెట్టిన నిధి అది. అందులో ఎక్కువ భాగం గని ప్రభావిత ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువులాంటి వాటికే పెట్టాలని నిబంధన. ఈసీజీ మిషన్ ధర వేలల్లోనే ఉంటుంది, ఒక సీసీ రోడ్డు బిల్లుతో ఎన్నో కొనవచ్చు. రామగుండంలో 2022 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తున్నది. సింగరేణి సొమ్ముతో వచ్చిందని దానికి ఆ కంపెనీ పేరే పెట్టారు. ఊళ్ల నుంచి వచ్చే ఈసీజీలు చదవడానికి అక్కడ రాత్రింబగళ్లు ఒక డాక్టరును పెట్టలేరా? సింగరేణి ఏరియా ఆస్పత్రి ఉన్నది కార్మిక కుటుంబాల కోసం. భూమి పోగొట్టుకుని ఉద్యోగం రాని ఇంటి మనిషికి ఛాతీ నొప్పి వస్తే, ఆ గేటు దగ్గర ముందు కార్డు అడగొద్దు, ముందు ఈసీజీ తీయాలి.

సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్ ప్రజావాణికి పోయే మండల కమిటీలు పరిహారం, బోర్లు, పేలుళ్లకు పగిలిన గోడల దరఖాస్తులతో పాటు ఇదీ పెట్టాలి. కమాన్‌పూర్, రామగిరి, ముత్తారం, మంథని, అంతర్గాం మండలాల్లో ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఈసీజీ మిషన్, తీయడం వచ్చిన మనిషి, గడ్డ కరిగించే మందు ఎప్పటిలోగా ఇస్తారో తేదీ వేసి రాసివ్వమని అడగండి.