కాలి బలము, గాలి బలము

నీటిపై పయనించుటకు మానవునకు అనాదినుండి రెండు బలములు తోడ్పడుచున్నవి. ఒకటి అతని శరీరబలము, రెండవది గాలి బలము. ఉత్తరధ్రువ ప్రాంతముల ఇన్యూట్ ప్రజలు సన్నని చట్రముపై సీలు చర్మమును బిగించి, ఆ పడవలో గూర్చుండి తెడ్డు వేయుచు వేటకు బోయెడివారు. దాని పేరు కయాక్. పసిఫిక్ మహాసముద్రపు ద్వీపవాసులు నావ ప్రక్కన తేలెడి దుంగను గట్టి, తెరచాప నెత్తి, దూరపు దీవులకు సాగిపోయిరి. ఈ రెండు సంప్రదాయములును గలిసి మన కాలమున ఒక చిన్న పడవయందు చోటు చేసికొన్నవి. అది తెరచాపయు, కాలితో త్రొక్కు యంత్రమును గల కయాక్.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున హోబార్ట్ ఆల్టర్ అనునాతడు స్థాపించిన హోబీ సంస్థ 1997లో కయాక్‌కు త్రొక్కుడు యంత్రము నమర్చెను. దానిని గ్రెగ్ కెటర్‌మన్ అను రూపశిల్పి కల్పించెను. కూర్చున్నవాడు రెండు పాదములతో మీటలను ఒకదాని తరువాత నొకటిగా ముందునకు ద్రోయును. అప్పుడు పడవ యడుగున నున్న రెండు మెత్తని రెక్కలు అటునిటు నూగుచు, ఈదెడి పెంగ్విన్ పక్షి రెక్కలవలె, నీటిని వెనుకకు నెట్టును. కొన్ని యేండ్ల పిమ్మట ఆ సంస్థయే ఇట్టి కయాక్‌కు తెరచాపను, ఇరుప్రక్కల రెండు సన్నని తేలుడు తెప్పలను జేర్చి అడ్వెంచర్ ఐలాండ్ అను పడవను వెలువరించెను. ఇద్దఱు కూర్చుండెడి రకము పొడవు పదునెనిమిదిన్నర అడుగులు.

ఈ పడవను మెచ్చనివారును గలరు. "ఇది మంచి కయాక్ కాదు, మంచి తెరచాప నావయు గాదు, రెంటికి జెడిన రేవడి" యని వారి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ప్రక్కతెప్పలును, తెరచాపయు జేరుటచే ఇది బరువెక్కినది. సామాన్య కయాక్‌ను వలె దీనిని ఒక్కడు భుజమున నెత్తుకొని పోజాలడు. తెప్పలు చాచియున్నప్పుడు ఇఱుకైన కాలువలలో దూఱదు. మంచి గాలి వీచునపుడు పందెపు నావలతో సమానముగా పరుగిడజాలదు.

అయినను, వేగ మొక్కటియే కొలబద్దగా బెట్టుకొని ఒక పడవ విలువను నిర్ణయించుట సరికాదని నా యభిప్రాయము. గాలి మన యాజ్ఞకు లోబడునది కాదు. అనుకూలమైన గాలి లేనివేళ పడవ యేమి చేయునో యదియే అసలైన పరీక్ష.

ఏ తెరచాప నావయు గాలికి సూటిగా ఎదురు పోజాలదు. అది గాలికి సుమారు 45 డిగ్రీల కోణమున ఒక వైపు కొంతదూరము పోయి, మరల రెండవ వైపునకు దిరిగి, వంకరటింకరగా ముందునకు సాగవలెను. ఇట్లు తిరుగునప్పుడు తేలికైన పడవ తన వేగమును గోల్పోయి, గాలికి మొగమిచ్చి నిలిచిపోవుట కలదు. త్రొక్కుడు యంత్రము గలవానికి ఈ చిక్కు లేదు. నాలుగైదు మార్లు త్రొక్కినంతనే పడవ ముక్కు రెండవ వైపునకు దిరుగును.

మందముగా ప్రక్కగాలి వీచునపుడు జరుగునది ఇంకను వింతయైనది. మీరు సైకిలు త్రొక్కునపుడు, గాలి లేని దినమునను మీ మొగమునకు గాలి తగులుట నెఱుగుదురు. పడవకును అంతియే. త్రొక్కుటచే గలిగిన వేగము వలన ఎదుటినుండి గాలి పుట్టును. అదియు అసలు గాలియు గలిసి తెరచాపకు దగులును. అందుచేత కాలి బలము గాలి బలమును బెంచుచున్నది.

గాలి పూర్తిగా పడిపోయినచో ఒక త్రాటిని లాగి తెరచాపను దాని కొయ్యకే చుట్టివేసి, కాళ్లతోనే సాగవచ్చును. గాలి హెచ్చినచో సగము మాత్రము చుట్టవచ్చును. నీరు తక్కువగా నున్నచోట ఒక మీటను పూర్తిగా ముందునకు ద్రోసిన, అడుగున రెక్కలు పడవకు అంటుకొని నేల దగులకుండును. రేవు చేరునపుడు ప్రక్కతెప్పలను మడిచికొనవచ్చును.

సముద్రముమీదికి బోవుట ఒక యెత్తు, తిరిగి యిల్లు చేరుట మఱియొక యెత్తు. సాయంకాలమున గాలి దిశ మార్చుకొనెడివేళ తీరమున నిశ్చలత యేర్పడుచుండును. తెరచాపనే నమ్మినవాడు అప్పుడు నడిసముద్రమున నిలిచిపోవును. పందెగాండ్రకును ఈ సంగతి తెలియును. 2015లో ఆరంభమైన అలాస్కా పందెము వాషింగ్టన్ రాష్ట్రమందలి పోర్ట్ టౌన్‌సెండ్ నుండి కెచికాన్ వఱకు సుమారు 750 మైళ్లు సాగును. అందు మోటారు నిషిద్ధము. పెద్ద తెరచాప నావలవారు సైతము గాలి లేని గంటలకొఱకు తెడ్లనో, త్రొక్కుడు యంత్రములనో వెంట నుంచుకొనిరి.

అయితే ఈ సౌకర్యము సాహసమునకు సాకు కారాదు. ప్రబలమైన ఎదురుగాలికి, ప్రవాహమునకు మనుష్యుని కాలు చాలదు. లైఫ్ జాకెట్టు ధరింపక, వాతావరణము విచారింపక బయలుదేరరాదు. యంత్రము చెడినచో అక్కఱకు వచ్చుటకై ఒక తెడ్డును పడవలో నుంచుకొనవలెను.

నిజమునకు ఈ యుక్తి మనకు క్రొత్తది కాదు. రెండు పొట్టుల నావను ఆంగ్లమున కాటమరాన్ అందురు. అది తమిళమందలి కట్టుమరమను మాటనుండి పుట్టినది. మన తీరమున పల్లెకారులు దుంగలను త్రాళ్లతో బిగించిన తెప్పపై గాలి యున్నపుడు తెరచాప నెత్తిరి, లేనపుడు తెడ్డు వేసిరి. ఒక బలము విడిచిపోయినపుడు రెండవది చేతియందుండవలెనని వారెఱుగుదురు. పెద్ద నావ వెనుక వచ్చినను, గాలి నిలిచిన వేళ గూడ మనిషిని తీరమునకు జేర్చు చిన్న పడవయే నా దృష్టిలో మేలైనది.