ఏజియన్ సముద్రమూ, జంపన్న వాగూ

పిల్లలూ! మేడారం జాతరకు వెళ్ళినవాళ్ళు జంపన్న వాగులో స్నానం చేసే వుంటారు. పూర్వం దాని పేరు సంపెంగ వాగు. ఆ పేరు ఎందుకు మారిందో చెపుతాను. కాని ముందు మనం గ్రీసు దేశం దాకా పోయి రావాలి.

గ్రీకులకూ మనకు లాగే బోలెడు పురాణాలున్నాయి. వాళ్ళ దేవతలు ఒలింపస్ అనే కొండ మీద వుంటారు. వాళ్ళ రాజు జ్యూస్ పిడుగును ఆయుధంగా పట్టుకుంటాడు, మన ఇంద్రుడు వజ్రాన్ని పట్టుకున్నట్టు. జ్యూస్ అనే పేరూ, మన వేదాలలోని ద్యౌః అనే మాటా ఒకే మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇక కథ. ఏథెన్సు నగరాన్ని ఏజియస్ అనే రాజు ఏలేవాడు. ఆయన క్రీటు ద్వీపపు రాజు మినోస్‌కు కప్పం కట్టాలి. ఆ కప్పం ధనం కాదు, ఏడుగురు కుర్రవాళ్ళూ ఏడుగురు కన్యలూ! క్రీటులో ఒక చిక్కుదారుల భవనం వున్నది. అందులో ఎద్దు తలా, మనిషి ఒళ్ళూ గల మినోటార్ అనేవాడు వీళ్ళను తినేస్తాడు. మీకు బకాసురుడు జ్ఞాపకం వచ్చాడు కదూ? ఇక్కడ భీముడి పని చేసినవాడు ఏజియస్ కొడుకు థీసియస్. ఆ కన్యలతోబాటు తానూ ఓడ ఎక్కాడు. మినోస్ కూతురు అరియాడ్నే అతనికి ఒక దారపు ఉండ ఇచ్చింది. దాని కొసను గుమ్మానికి కట్టి లోపలికి పోయి, మినోటార్‌ను చంపి, దారం పట్టుకుని బయటపడ్డాడు.

కాని తిరుగు ప్రయాణంలో ఒక పొరపాటు జరిగింది. బతికి వస్తుంటే ఓడకు తెల్ల తెరచాప ఎత్తుతానని థీసియస్ తండ్రికి మాట ఇచ్చాడు. ఆ సంతోషంలో మరిచిపోయాడు. దూరాన నల్ల తెరచాప చూసి, కొడుకు చచ్చాడనుకుని ఏజియస్ సముద్రంలో దూకాడు. అది ఏజియన్ సముద్రం అయింది.

ఇప్పుడు మన అడవికి వద్దాం. సమ్మక్క కథను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెపుతారు. ఎక్కువగా చెప్పుకునేది ఇది: అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాపను కోయదొరలు తెచ్చి పెంచారు. ఆమే సమ్మక్క. ఆమె భర్త పగిడిద్దరాజు. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి నేటికీ ఆయనను జాతరకు తీసుకువస్తారు. ఒకప్పుడు వరసగా కరువు వచ్చింది. కాకతీయ ప్రతాపరుద్రుడికి కట్టవలసిన కప్పం కోయలు కట్టలేకపోయారు. సైన్యం వచ్చిపడింది. పగిడిద్దరాజూ, కూతురు సారలమ్మా, అల్లుడు గోవిందరాజూ యుద్ధంలో పడిపోయారు. కొడుకు జంపన్న ఓటమి భరించలేక సంపెంగ వాగులో దూకాడు. అందుకే అది జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. వెతికినవాళ్ళకు కుంకుమ భరిణ ఒకటి దొరికింది.

మేడారం 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో వుండేది, ఇప్పుడు ములుగు జిల్లాలో వున్నది. జిల్లా పేరు మారినంత సులువుగా వాగు పేరు మారదు!

ఇంతకూ ఇలాటి కథలు ఇన్ని తరాలు ఎలా నిలిచాయి? గ్రీకుల మహాకావ్యం ఇలియడ్ హోమర్‌దంటారు. సుమారు రెండువేల ఏడువందల ఏళ్ళ నాటిది. పదేళ్ళు సాగిన ట్రాయ్ యుద్ధంలో కొద్ది వారాల కథ చెప్పటానికే అందులో 15,000కు పైగా పంక్తులు పట్టాయి. అంత పెద్ద కథ కాగితం లేకుండా ఎలా పాడేవారు? మిల్మన్ పారీ అనే అమెరికా పండితుడు ఈ సంగతి తేల్చటానికి 1934లో యుగోస్లావియా పోయి, పల్లెటూరి గాయకుల పాటలు అల్యూమినియం పళ్ళేల మీద రికార్డు చేశాడు. అవ్దో మెజెదోవిచ్ అనే రైతుకు చదువు రాదు. ఆయన 1935లో కొన్ని రోజులపాటు పాడిన ఒకే కథ 12,000 పంక్తులు దాటింది!

రహస్యం బట్టీ పట్టటంలో లేదు. గాయకుడికి కథ నడక తెలుసు, సిద్ధంగా వున్న మాటల మూటలు తెలుసు. హోమర్ కావ్యంలో అకిలీస్ కదలకుండా కూర్చున్నా సరే, వేగంగా పరిగెత్తేవాడనే అంటారు! ఆ మాట పంక్తిని నింపుతుంది. గాయకుడు ఈలోగా తరవాత పంక్తి ఆలోచించుకుంటాడు.

హోమర్ కథలను ఎవరో రాసిపెట్టారు కనక నిలిచాయి. మన వాళ్ళవి ఇంకా చాలావరకు నోళ్ళలోనే వున్నాయి. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథకు పెట్టింది పేరు. ఒగ్గు అంటే శివుడి డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు దానితోనే సాగుతాయి. ఆయన 2017లో పోయారు. డోలి వాయిస్తూ సమ్మక్క కథ పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో పోయారు. ఆయనతోబాటు ఎన్ని పంక్తులు పోయాయో ఎవరు లెక్కపెట్టగలరు?

మీ వూళ్ళో ఈసారి ఒగ్గుకథ జరిగితే మొదటినుంచి కూర్చోండి. ఏ మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో కనిపెట్టి పుస్తకంలో రాసుకోండి. మీ ఇంట్లో వున్న ఫోను పారీ మోసుకుపోయిన యంత్రం కంటె చాలా చిన్నది, చాలా గట్టిది. కాని కథకుడిని ముందుగా అడిగి మరీ రికార్డు చెయ్యండి. కథ తెల్లవారేదాకా సాగవచ్చు, కనక నాన్ననో అమ్మనో వెంటబెట్టుకుని, ఒక దుప్పటి పట్టుకుపొండి.