బ్రాడ్‌బీ షీల్డ్ నేర్పుతున్నదేమిటి? పాఠశాల రగ్బీలో వైరానికీ జట్టు నిర్మాణానికీ ఉన్న బంధం

శ్రీలంకలో క్రికెట్ తరవాత జనాన్ని మైదానాలకు రప్పించే ఆటల్లో రగ్బీది ప్రముఖ స్థానం. ఆ ఆటకు అక్కడ ప్రాణవాయువు పాఠశాలల నుంచే అందుతోంది. కొలంబోలోని రాయల్ కళాశాల, క్యాండీలోని ట్రినిటీ కళాశాల ఏటా తలపడే బ్రాడ్‌బీ షీల్డ్ పోరుకు రెండు నగరాల్లోనూ పండుగ వాతావరణం నెలకొంటుంది. పేరులో ‘కళాశాల’ ఉన్నా ఇవి పాఠశాలలే. ఆడేది పంతొమ్మిదేళ్ల లోపు బాలురే. ఎనిమిది దశాబ్దాల ఈ వైరం దక్షిణాసియాలోని పాఠశాలలన్నింటి ముందూ ఒక ప్రశ్న ఉంచుతోంది. పోటీతత్వం పిల్లలను ఒక జట్టుగా తీర్చిదిద్దేది ఎప్పుడు? అదే పోటీతత్వం వారిని పెద్దల పంతాలకు పావులుగా మార్చేది ఎప్పుడు?

కొండల్లో మొదలైన ఆట

1891లో క్యాండీలో కింగ్స్‌వుడ్ కళాశాలను స్థాపించిన ఎల్.ఇ. బ్లేజ్ తన విద్యార్థులకు రగ్బీని పరిచయం చేశారు. 1906లో కింగ్స్‌వుడ్, ట్రినిటీల మధ్య జరిగిన మ్యాచ్‌ను ఆ దేశంలో రెండు పాఠశాలలు తలపడిన తొలి రగ్బీ మ్యాచ్‌గా పరిగణిస్తారు. రాయల్, ట్రినిటీ జట్లు 1920లో తొలిసారి ఎదురుపడ్డాయి. 1945లో రాయల్ ప్రధానాచార్యుడు ఇ.ఎల్. బ్రాడ్‌బీ పదవి నుంచి వైదొలగుతూ ఒక షీల్డును బహూకరించారు. అప్పటి నుంచి ఆ పోరు ఆయన పేరుతోనే సాగుతోంది.

ఈ రెండు పాఠశాలల స్వభావాలు వేరు. రాయల్ ప్రభుత్వ పాఠశాల. అయిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్షలో అత్యుత్తమ మార్కులు సాధించిన పిల్లలు దేశం నలుమూలల నుంచి అక్కడికి చేరతారు. ట్రినిటీ ఆంగ్లికన్ చర్చికి అనుబంధమైన ప్రైవేటు విద్యాసంస్థ. ఒకటి రాజధానీ నగరానికి, మరొకటి పూర్వపు రాజుల కొండసీమకు ప్రతీకలు. పాఠశాలల మధ్య పోటీకి ఊళ్ల మధ్య పోటీ తోడవడంతో ఈ వైరం తరాలు మారినా చల్లారలేదు.

ఒక్కరోజులో తేలని గెలుపు

బ్రాడ్‌బీ షీల్డ్ నిర్మాణంలోనే ఒక విశేషం ఉంది. విజేతను ఒక్క మ్యాచ్‌తో నిర్ణయించరు. కొలంబోలో ఒకటి, క్యాండీలో ఒకటి ఆడి, రెండింటి పాయింట్లను కలిపి షీల్డు ఎవరిదో తేలుస్తారు. రగ్బీలో ట్రైకి 5 పాయింట్లు, ఆ తరవాతి కన్వర్షన్‌కు 2, పెనాల్టీ గోల్‌కు 3 లభిస్తాయి. మొదటి మ్యాచ్‌లో 13-20 తేడాతో ఓడిన జట్టుకు, రెండో మ్యాచ్‌ను ఎనిమిది పాయింట్ల తేడాతో గెలిస్తే షీల్డు దక్కుతుంది. అందుచేత మ్యాచ్ చేజారిందని తెలిసిన చివరి నిమిషాల్లోనూ ఒక ట్రైని అడ్డుకోవడం విలువైన పనే. రేపటి లెక్కలో అది ఏడు పాయింట్లను కాపాడవచ్చు.

జట్టు నిర్మాణానికి ఈ పద్ధతి మేలు చేస్తుంది. ఓడిన కుర్రాళ్లు తలలు వంచుకుని ఇళ్లకు వెళ్లిపోయే వీలుండదు. లోపాలను సరిచూసుకుని, ఒకరినొకరు నిందించుకోకుండా తిరిగి సాధనకు రావాల్సిందే. గెలిచినవారికి సంబరాలు పూర్తిగా చేసుకునే అవకాశం ఉండదు. ఓటమిని మోయడం, గెలుపును అదుపులో ఉంచుకోవడం అనే రెండు పాఠాలూ ఇరుజట్లకూ ఒకే రుతువులో అందుతాయి.

స్క్రమ్ నేర్పే సమష్టితత్వం

రగ్బీ పరిచయం లేని తెలుగు పాఠకులు కబడ్డీని గుర్తు తెచ్చుకోవచ్చు. కూతకు వచ్చిన ఆటగాణ్ని చేతులు కలిపిన గొలుసు నిలువరిస్తుంది. ఆ గొలుసులో ఒక్క చెయ్యి జారితే పాయింటు పోతుంది. రగ్బీ స్క్రమ్‌లో ఎనిమిది మంది ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ఎదుటి ఎనిమిది మందిని నెట్టాలి. ఒక్కడు ముందుగా కదిలినా, వెనుకబడినా అందరి బలమూ వృథా అవుతుంది. పైగా బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. వెనుకనున్న సహచరుడికే అందించాలి. ముందుకు పరుగెత్తేవాడు వెనుకవాణ్ని నమ్మక తప్పదు.

పదిహేను మంది జట్టులో అన్ని రకాల శరీరాలకూ చోటుంటుంది. బరువైనవాడు ముందువరసలో, పొడగరి లైనౌట్‌లో, చురుకైనవాడు స్క్రమ్ వెనుక, వేగవంతుడు అంచుల్లో నిలుస్తారు. ఇతర ఆటల్లో ఎంపిక కాని బాలుడు కూడా ఇక్కడ అవసరమైనవాడే. పాఠశాల విద్య దృష్టితో చూస్తే ఈ ఆటకున్న గొప్ప సుగుణం ఇదే.

వైరం దారి తప్పితే

ఇదే వైరం పిల్లల చేతుల్లోంచి పెద్దల చేతుల్లోకి జారితే పరిస్థితి మారిపోతుంది. పూర్వ విద్యార్థుల సంఘాల విరాళాలు, ప్రాయోజకుల సొమ్ము, ప్రత్యక్ష ప్రసారాలు ఆటకు వసతులు తెచ్చినట్లే ఒత్తిడినీ తెస్తాయి. అన్ని పాఠశాలలకూ ఒకే పట్టిక ఉన్న లీగ్‌లో ఏటా స్థానం దిగజారకుండా చూసుకోవాలి. అప్పుడు ఆరేడేళ్లు శ్రమించి తమ పిల్లలనే తయారుచేసుకోవడం కంటే, వేరే బడిలో ఎదిగిన ఆటగాణ్ని రప్పించుకోవడం సులువనిపిస్తుంది. వచ్చినవాడికి చోటు దొరికితే, చిన్న తరగతి నుంచి ఆ రంగు జెర్సీ కోసం ఎదురుచూసిన మరొకడికి చోటు పోతుంది.

ఈ వ్యాధి శ్రీలంకకే పరిమితం కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 2018 చివర్లో అగ్రశ్రేణి పోటీలోని ఇతర పాఠశాలల ప్రధానాచార్యులు సెయింట్ కెంటిగర్న్ కళాశాల ప్రధాన జట్టుతో ఆడబోమని ప్రకటించారు. ఇతర పాఠశాలల ఆటగాళ్లను ఆ సంస్థ చేర్చుకుంటోందన్నది వారి అభ్యంతరం. ఆటగాళ్ల బదిలీలపై నియమాలు అంగీకారానికి వచ్చాకే ఆ ప్రతిష్టంభన తొలగింది. ప్రత్యర్థులు ఆడబోమంటే ఎంత బలమైన జట్టుకైనా మైదానంలో పనిలేదని ఆ ఉదంతం రుజువు చేసింది.

రెండో ప్రమాదం శరీరానికి సంబంధించింది. పంతొమ్మిదేళ్ల లోపు ఆటలో స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరుకు మించి నెట్టరాదన్న నియమం పిల్లల మెడలను కాపాడేందుకే వచ్చింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం కలిగినా ఆటగాణ్ని వెంటనే మైదానం నుంచి తప్పించాలని వరల్డ్ రగ్బీ నిర్దేశిస్తోంది. పరువు పోరుగా మారిన మ్యాచ్‌లో నాయకుణ్ని బయటకు పిలిచే ధైర్యం శిక్షకుడికి ఉంటుందా? ఆ పాఠశాల విలువలకు అదే అసలు పరీక్ష.

జనం ఉన్నా జాతీయ ఫలం లేదు

పాఠశాల స్థాయిలో ఇంత ఉత్సాహం ఉన్నా శ్రీలంక పురుషుల జట్టు ఇంతవరకు రగ్బీ ప్రపంచకప్‌కు అర్హత సాధించలేదు. పాలనలో రాజకీయ జోక్యం కారణంగా 2023లో అక్కడి రగ్బీ సమాఖ్యపై వరల్డ్ రగ్బీ సస్పెన్షన్ విధించింది. జపాన్‌లో పరిస్థితి భిన్నం. హనజోనో మైదానంలో ఏటా జరిగే జాతీయ ఉన్నత పాఠశాలల పోటీల నుంచి విశ్వవిద్యాలయాలకు, అక్కడి నుంచి కంపెనీల జట్లకు కుర్రాళ్లకు ఒక దారి ఉంది. 1987 నుంచి ప్రతి ప్రపంచకప్‌లోనూ ఆ దేశం ఆడింది. బడిలో రగిలిన పోటీతత్వానికి బడి దాటాక మెట్లు లేకపోతే, అది పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలకే పరిమితమవుతుంది.

మనకు వర్తించేదేమిటి?

భారత్‌కు రగ్బీ కొత్త కాదు. కలకత్తా క్లబ్బు మూతపడినప్పుడు మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన కలకత్తా కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లు 1879 నుంచి పోటీపడుతున్నాయి. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన గిరిజన బాలురు లండన్‌లో పద్నాలుగేళ్ల లోపువారి అంతర్జాతీయ పాఠశాల టోర్నీలో విజేతలయ్యారు. 2025లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ‘హైదరాబాద్ హీరోస్’ పేరుతో ఒక జట్టు బరిలో దిగింది.

అంటే పైన లీగ్ వచ్చింది. కింద పాఠశాలల పునాది మాత్రం ఇంకా పలుచనే. తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో మార్కులు, ర్యాంకుల వైరానికి కొదవలేదు. అయితే ఆ పోటీలో ప్రతి విద్యార్థీ ఒంటరివాడే. పక్కవాడు తప్పితేనే తనకు స్థానం. ఏటా అదే పొరుగు బడితో, సొంత విద్యార్థులతోనే, కట్టుదిట్టమైన భద్రతా నియమాలతో రెండు మ్యాచ్‌లు ఆడే చిన్న సంప్రదాయం అందుకు విరుగుడు కాగలదు. ఆట రగ్బీయే కానక్కర్లేదు, కబడ్డీ అయినా చాలు.

ఎదుటి జట్టు వచ్చే ఏడాదీ రావాలన్న కోరిక ఇరువైపులా ఉన్నంతకాలం వైరం ఆరోగ్యకరం. షీల్డు ఈసారి ఎవరి అలమరాలో ఉన్నా, దాని కోసం పోరాడే రెండు పాఠశాలలూ నిలిచి ఉండాలి. బ్రాడ్‌బీ షీల్డ్‌కు 1945 నుంచి ఆయువు పోస్తున్నది ఆ పరస్పర అవసరమే.