ఫోనులో ఐక్యత చాలదు – గేటు ముందు ఐక్యత కావాలి!



మన కే.వి.కుప్పం, లత్తేరి, గుడియాత్తం ప్రాంతాల నుండి ఎందరో యువకులు కాట్పాడిలో రైలెక్కి చెన్నై చేరుతున్నారు. మగ్గం కూడు పెట్టక కొందరు, పొలంలో నీళ్లు లేక కొందరు. అక్కడ ఒకే గదిలో ఆరుగురు. ఆరుగురి చేతుల్లో ఆరు ఫోన్లు. ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో తెలుస్తుంది గాని, పక్క చాప మీదివాడికి జ్వరమొచ్చిన సంగతి తెల్లవారి అతడు షిఫ్టుకు లేవనప్పుడు గాని తెలియదు. ఇదేం కలిసి బతకడమని మేము అడుగుతున్నాం.

1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంతో మన దేశపు మొదటి సెల్ ఫోను సంభాషణ జరిపారు. ఆనాడది డబ్బున్నవాడి వస్తువు. నేడు కూలివాడి జేబులోనూ ఉంది. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. కన్నతల్లి గొంతు రోజూ వినడం కార్మికుడి హక్కు. కొన్ని నూలు మిల్లుల హాస్టళ్లలో ఆడపిల్లల ఫోన్లపై ఆంక్షలు పెట్టడాన్ని మేము ఖండిస్తున్నాం.

యాజమాన్యాల న్యాయం చూడండి! ఆడపిల్ల ఇంటికి ఫోను చేస్తే క్రమశిక్షణ తప్పినట్టట. రాత్రి పదింటికి సూపర్‌వైజరు 'రేపు సెలవు లేదు, మొదటి షిఫ్టుకు రా' అని వాట్సాప్ పెడితే మాత్రం అదే క్రమశిక్షణట! పిల్లలతో అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తో ఫోను తీయాలి. ఫ్రాన్సులో 2017 నుండి పనివేళ ముగిశాక ఫోనుకు దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన పార్లమెంటులో అలాంటి ప్రైవేటు బిల్లు వచ్చినా చట్టం కాలేదు.

యాజమాన్యం సంగతి అది. మరి మన సభ్యుల సంగతి? చదువు రాని తాతలు వేలిముద్ర వేసి సంఘంలో చేరారు, గేటు ముందు నిలబడ్డారు. చదువుకున్న మనవళ్లు మీటింగుకు రమ్మంటే ఫోనులో బొటనవేలి బొమ్మ పెట్టి ఇంట్లో కూర్చుంటున్నారు! యంత్రంలో చెయ్యి పడినవాడికి నలభై దండాల బొమ్మలు వస్తాయి. ఆస్పత్రి మంచం పక్కన అతడి భార్య ఒక్కతే ఉంటుంది.

1918 ఏప్రిల్ 27న మద్రాసు పెరంబూరులో మిల్లు కార్మికుల కోసం మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. వాడియా, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ముందు నిలిచారు. ఆ కార్మికులకు ఫోన్లు లేవు. పని దిగి ఒకచోట కూడారు, ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడుకున్నారు. ఆ బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతపడ్డాయి గాని ఆ పాఠం మూతపడలేదు.

నమ్మనివారు మన చెన్నై దారిలోని శ్రీపెరుంబుదూరును చూడండి. 2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్‌లో ఐఫోన్లు తయారుచేసే ఆడపిల్లలు హాస్టలు తిండి తిని జబ్బుపడ్డారు. తోటివాళ్లు ఏమయ్యారో చెప్పే దిక్కు లేదు. ఫోన్లలో చావు పుకార్లు తిరిగాయి. ఆ పిల్లలు ఫోన్లు చూస్తూ గదుల్లో కూర్చోలేదు. వందలాదిగా చెన్నై–బెంగుళూరు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది. ఆపిల్ కంపెనీ అక్కడి వసతులు బాగాలేవని ఒప్పుకోవలసి వచ్చింది. ఫోను వార్త మోస్తుంది. యాజమాన్యాన్ని కదిలించేది మనుషులే.

కాబట్టి మా సంఘం కోరేది ఇది:

1. షిఫ్టు ముగిశాక ఫోనులో పని పురమాయించరాదు. పురమాయిస్తే దాన్ని అదనపు పనిగా లెక్కగట్టి చట్టప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి. అలాంటి సందేశాలు చెరిపివేయకండి, సంఘం ఆఫీసుకు తెచ్చి చూపండి.

2. హాస్టళ్లలో ఆడపిల్లల ఫోన్లు లాక్కోరాదు.

3. తోటి కార్మికుడు ఆస్పత్రిలో ఉంటే ప్రతి షిఫ్టు నుండి ఇద్దరు స్వయంగా వెళ్లి కూర్చోవాలి. ఇది యాజమాన్యాన్ని అడిగేది కాదు, మిమ్మల్ని అడిగేది.

ఈసారి గేటు మీటింగుకు బొటనవేలు పంపకండి. మనిషి రండి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి