మన గోడు మనమే చెప్పుకోవాలి

రాయదుర్గంలో పొద్దున్నే టీ అంగడికి వచ్చిన రైతులు పేపరు తిరగేస్తూ ఒక వార్త దగ్గర ఆగిపోతారు. 'కుటుంబ కలహాలతో రైతు ఆత్మహత్య'. "ఒట్టి అబద్ధం. వానికి మూడు బోర్లు ఎండిపోయినాయి, అప్పులోళ్లు ఇంటి ముందర కూర్చున్నారు" అంటాడొకాయన. అందరూ అవునంటారు. పేపరు మడిచిపెట్టి ఎవరి దారిన వాళ్లు పోతారు. రైతు సోదరులారా, టీ అంగట్లో చెప్పిన ఆ మాటనే నలుగురికీ తెలిసేలా చెప్పండి అని అడగడానికే ఇది రాస్తున్నా.

పేపర్ల మీద మీకు నమ్మకం లేదంటే నేను కోపం తెచ్చుకోను. ఊరికి పోకుండానే, ఎవరో చెప్పిన నాలుగు ముక్కలు రాసి పంపిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇది ఈనాటి సంగతి కాదు. మన జిల్లాలో రైతుల ఆత్మహత్యల మీద పి.సాయినాథ్ 2001లో 'ది హిందూ'లో రాశారు. పోలీసు రికార్డుల్లో ఎన్నో చావులకు కారణం 'కడుపునొప్పి' అని ఉన్న సంగతి ఆయన బయటపెట్టారు. అంతకు ముందు ఏడాది, 2000 ఖరీఫ్‌లో, కాండం కుళ్లు వైరస్ తెగులు వేరుశనగను ఊళ్లకు ఊళ్లే తినేసింది. మరి ఆ నొప్పి కడుపుదా, చేనుదా?

కారణం తప్పు పడితే నష్టపోయేది ఆ ఇంటి ఆడమనిషి. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి విచారించి, సేద్యం అప్పుల వల్లే చావు అని తేలిస్తేనే సాయం. అప్పుడది లక్షన్నర, తర్వాత పెంచారు. మొదటి రోజు కాగితంలో 'కడుపునొప్పి' అని పడితే, ఆమె కాళ్లరిగేలా తిరిగినా మార్పించడం కష్టం. గుత్తకు చేసుకునేవాళ్లది ఇంకా అన్యాయం. పాసుబుక్కు లేదు కాబట్టి రైతే కాదంటారు.

అందుకే చెప్పేది లెక్కతో చెప్పండి. "పాపం, మంచోడు" అంటే చాలదు. ఎన్ని ఎకరాలు, సొంతమా గుత్తా, విత్తనానికి ఎంత పెట్టినాడు, ఎన్ని మూటలు వచ్చినాయి, బోరు ఎన్ని అడుగులు పోయింది, బ్యాంకులో ఎంత, బయట నోటు మీద ఎంత వడ్డీకి తెచ్చినాడు, ఇవన్నీ రాసిపెట్టుకోండి. పంచనామా మీద సంతకం పెట్టేముందు చదివించుకుని వినండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. విలేకరి వస్తే ఇరుగుపొరుగు కూడా నోరు విప్పాలి. లేనిది మాత్రం కలపొద్దు. ఒక్క అబద్ధం దొరికితే పక్క ఊరి నిజాన్ని కూడా నమ్మరు.

ఇంటి గుట్టు రట్టవుతుందని వెనకాడతారు. నిజమే. కానీ వాన రాకపోవడం, బోరు ఎండడం మన తప్పా? సిగ్గుపడాల్సింది మనం కాదు.

చివరిగా ఒక మాట. చావు తర్వాత చెప్పే సాక్ష్యం కన్నా బతికుండగా చెప్పుకునే గోడు గొప్పది. గుండెలో బరువు ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్పండి, లేదా 14416 నంబరుకు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. పక్క చేను రైతు నాలుగు రోజులుగా మాట్లాడకుండా ఉంటే, మీరే పోయి "ఏమప్పా, ఏమైంది?" అని అడగండి.