టోపీ దగ్గరే ఆగిపోదామా?

లోకమంతా మెచ్చిన సినిమాను మెచ్చనివాడు అసూయాపరుడో దేశద్రోహియో అయి ఉంటాడన్న తీర్పు ఈ రోజుల్లో తేలికగా వెలువడుతున్నది. ఆ మెచ్చనివాడు ముస్లిం అయితే విచారణ కూడా అక్కరలేదు. అయినా చెప్పవలసిన మాట చెప్పక తప్పదు. 2022లో విడుదలై, మరుసటి సంవత్సరం పాటకు ఆస్కార్ తెచ్చుకున్న ‘ఆర్ఆర్ఆర్’ సినిమా కొమురం భీముకు న్యాయం చేయలేదని మేము భావిస్తున్నాం.

2020లో భీము పాత్రను పరిచయం చేస్తూ ప్రచార చిత్రం వచ్చినప్పుడు ఆయన తలమీది టోపీని చూసి కొందరు మండిపడ్డారు. థియేటర్లు తగలబెడతామనే దాకా వెళ్లారు. మనవాళ్లు కొందరు అదే టోపీని చూసి మురిసిపోయారు. కథానాయకుడు అఖ్తర్ పేరుతో తిరిగాడు, ఒక ముస్లిం కుటుంబం ఆయనకు నీడనిచ్చింది, ఇంకేం కావాలన్నారు. ఈ రెండు పక్షాలూ టోపీ దగ్గరే ఆగిపోయాయి. భీము దేనికోసం ప్రాణమిచ్చాడన్న ప్రశ్న ఇద్దరికీ పట్టలేదు.

ఆయన పోరాడింది ఆసిఫాబాద్ అడవుల్లో, నిజాం ప్రభుత్వంతో. పోడు చేసుకున్న నేల నుంచి గోండులను వెళ్లగొట్టడం, పశువుల మేతకు పన్ను గుంజడం, అటవీ సిబ్బంది దౌర్జన్యం ఆ తిరుగుబాటుకు కారణాలు. 1940లో జోడేఘాట్ వద్ద ఆయనను కాల్చి చంపింది నిజాం పోలీసులు. సినిమాలో నిజాం ఒక దూత నోట వినిపించే పేరు మాత్రమే. పోరాటం ఢిల్లీకి, తెల్లదొర మీదికి మళ్లింది. భూమి పోయి, ఎత్తుకుపోయిన ఒక పిల్ల కథగా మిగిలింది. చివరకు భీము తన మిత్రుణ్ణి చదువు చెప్పమని అడుగుతాడు. ‘జల్, జంగల్, జమీన్’ అన్న మాటలను ఆ మిత్రుడే రాసి ఇస్తాడు. ఒక జాతి తన నెత్తురుతో పలికిన నినాదాన్ని దానికే దానంగా ఇవ్వడం ఏ రకమైన గౌరవం?

కల్పిత కథ అని ముందే చెప్పారు కదా అనవచ్చు. కల్పన చేసే హక్కును మేము కాదనడం లేదు. కానీ నిజమైన పేరు పెట్టుకున్నాక ఆ పేరు వెనుకనున్న బాకీ కూడా మీద పడుతుంది.

నిజాం అన్యాయాన్ని ముస్లింలు ఎందుకు తవ్వాలని మన ఇళ్లలోనే అడిగేవారున్నారు. నిజాం ముస్లిం అయినంత మాత్రాన ఆయన పోలీసుల తూటాలకు మనం పూచీ పడనక్కరలేదు. ఆ పాలనలో పేద ముస్లిం రైతుకూ, చేనేత కార్మికుడికీ దక్కిన రాజ్యమేమీ లేదు. పట్టా కాగితం కోసం కచేరీల చుట్టూ తిరిగే ఆదివాసి బాధ, శ్మశాన భూమి కోసం, వక్ఫ్ భూమి కోసం అవే మెట్లెక్కే మనకు తెలియనిది కాదు. మన భూమికి న్యాయం అడిగే నోరు వారి భూమి దగ్గర మూతపడితే, రేపు మన మాటను ఎవరు నమ్ముతారు?

సినిమాను చూడండి, పాటకు చప్పట్లు కొట్టండి. ఇంటికి వచ్చాక పిల్లలకు జోడేఘాట్ ఎక్కడుందో, అక్కడ ఎవరు ఎవరిని చంపారో దాచకుండా చెప్పండి.