ముందు సాగేవాని ధర్మం

కాశ్మీరం నుండి కన్యాకుమారికి 44వ జాతీయ రహదారి మీదుగా సైకిళ్ళపై సాగుతున్న ఒక యువబృందం మొన్న మధ్యాహ్నం మా ఆలయ మండపంలో విశ్రమించింది. సంకల్పం లేని ప్రయాణం తీర్థయాత్ర ఎట్లవుతుందని మొదట తేలికగా తలచాను.

వారు పాటించే నియమం విన్నాక నా అభిప్రాయం మారింది. అగ్రభాగాన ఉన్నవాడు ఎదురుగాలిని తానే భరిస్తాడు. వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. అతడు అలసి పక్కకు తొలగి చివరకు చేరితే, తరువాతివాడు ఆ భారం వహిస్తాడు. వేదపారాయణంలోనూ ఇంతే కదా! ఒకరు శ్వాస తీసుకునే క్షణంలో తక్కినవారి కంఠాలు స్వరాన్ని నిలుపుతాయి.

ఆనాడు వారిలో ఒకనికి మోకాలినొప్పి. రాత్రి బసకు ఇంకా 60 కిలోమీటర్లు. అతణ్ణి విడిచి పోదామని ఎవరూ అనలేదు. అందరూ వేగం తగ్గించుకున్నారు. మహాప్రస్థానంలో ఇంద్రుడే రథం తెచ్చినా, తనను నమ్మి వెంట వచ్చిన శునకాన్ని విడువనన్న ధర్మరాజు నాకు స్ఫురించాడు.

సాధనలో ముందున్నామనుకునే మనం ఎవరి శ్రమను తగ్గిస్తున్నాం? స్వరం తప్పిన బాలుణ్ణి, ప్రదక్షిణలో వెనుకబడిన వృద్ధురాలిని విసుక్కోవడం లేదా? నేను విసుక్కున్నాను, అంగీకరిస్తున్నాను. వెనుకవానికి ఉపకరించని ఆధిక్యం అహంకారంగానే మిగులుతుందని నా నిశ్చయం. స్వస్తి.